చెంబుడు నీళ్ల నేరం

నా మీద మోపిన నేరం ఇది. తొమ్మిదో వార్డులో ఇడ్లీ దుకాణం నడుపుకునే సూరీడమ్మ ఇంటి పెరట్లో, ఉదయం ఆరుంబావు వేళ, ఆవిడ నీళ్ల మోటారు నెత్తిన ఉన్న మూత విప్పి అందులో చెంబుడు నీళ్లు పోశాను. పోశాననే ఒప్పుకున్నాను. ఆ చెంబు ఎంతదని అడిగితే చేత్తో చూపించాను కూడా. చింతలగెడ్డ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా మోటార్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాణ్ణి, దాచుకోవలసిన పని ఎప్పుడూ చెయ్యలేదు.

మోటార్ల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క చెబుతాను. మన ఇళ్లలో బావిగట్టు మీదో సంపు పక్కనో కూర్చునే చిన్న మోటారు వట్టి కడుపుతో పనిచెయ్యదు. పైపులోకి గాలి చేరిందంటే లోపల చక్రం తిరుగుతూనే ఉంటుంది గానీ నీళ్లు పైకి రావు. అప్పుడు మూత విప్పి, నిండేదాకా నీళ్లు పోసి, మూత బిగించి స్విచ్చి వెయ్యాలి. రెండు దగ్గులు దగ్గి నీళ్లు ఎత్తుకుంటుంది. పైపు అడుగున ఉండి నీళ్లు వెనక్కి జారకుండా పట్టుకునే ఫుట్ వాల్వు కారుతున్న ఇంట్లో అయితే ఇది రోజూ పొద్దున్నే చేసే పని. మా ఊళ్లో కారని ఫుట్ వాల్వు నేనింకా చూడలేదు. మార్చుకోండి అని నేను అందరికీ చెబుతాను. అందరూ వచ్చే నెల అంటారు. అని, మోటారు పక్కన ఒక చెంబు పెట్టుకుంటారు. కొత్త కోడలు కాపురానికి వస్తే ముందు స్టవ్వు చూపిస్తారు, తర్వాత ఆ చెంబు చూపిస్తారు.

ఊరు ఇలా హాయిగా ఉండగా మా పురపాలక సంఘానికి నీటి పొదుపు ప్రత్యేకాధికారిగా పరాంకుశం గారు వచ్చారు. మంచి మనిషి. లంచం ముట్టరు, ఆలస్యంగా రారు, ఎవరినీ ఏకవచనంతో తిట్టరు. అలాంటివాళ్లకు ఒక ఆలోచన తట్టిందంటే ఇక ఎవరూ ఆపలేరు.

ఆయన వార్డులు తిరుగుతూ తిరుగుతూ సూరీడమ్మ పెరటి గోడ దగ్గర ఆగారు. ఆవిడ చెంబు పట్టుకుని మోటారు మీదికి వంగి ఉంది.

"ఏం చేస్తున్నారమ్మా?" అన్నారాయన.

"మోటారుకి నీల్లు పోత్తన్నాను బావూ."

"ఎందుకు?"

"నీల్లు రావడానికి."

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే, నీళ్ల కోసం నీళ్లు పోస్తున్నారా?"

"మరేటి పొయ్యమంతావు, నూనా?" అని ఆవిడ మూత బిగించి స్విచ్చి వేసింది.

ఆయన ఆ రాత్రి భోజనం చెయ్యలేదని ఆఫీసు వాళ్లు చెప్పారు. మర్నాడు చెంబుల మీద సర్వే జరిగింది. ఇద్దరు ఉద్యోగులు కొలపాత్ర పట్టుకుని నాలుగు వందల ఇళ్లు తిరిగి, చింతలగెడ్డ చెంబులో సగటున లీటరుంబావు నీళ్లు పడతాయని తేల్చారు. ఊళ్లో మోటార్లు పంతొమ్మిది వేల నాలుగు వందలు. రోజుకు రెండు చెంబుల చొప్పున ఏడాదికి ఒక కోటీ డెబ్బై ఏడు లక్షల రెండు వేల ఐదు వందల లీటర్లు. ఇంత నీరు మనుషులు తాగడం లేదు, మొక్కలు తాగడం లేదు. మోటార్లు తాగేస్తున్నాయి. ఆ నీళ్లు మోటారులోంచి మళ్లీ కుళాయిలోకే వస్తాయన్న సంగతి ఆ లెక్కలో రాయడానికి గడి లేదు.

మూడో రోజు గోడల మీద ఉత్తర్వు వెలిసింది.

"సమస్త గృహస్థులకు తెలియజేయునది ఏమనగా, నీటిని అందించుటకై నియోగింపబడిన యంత్రమే నీటిని సేవించుట దాని ఉద్దేశమునకు విరుద్ధమగుటచేతను, ప్రజాధనమగు జలము నిష్ప్రయోజనముగా యంత్రోదరము పాలగుటచేతను, నేటి నుండి ఏ మోటారునందును నీటిని పోయరాదు. ఇట్టి మార్పునకు అలవాటుపడుటకు మోటార్లకు మూడు వారముల గడువు ఒసంగడమైనది."

గడువు మోటార్లకేగానీ మనుషులకు కాదు. ఆ సంగతి నాకు మర్నాడే తెలిసింది.

పొద్దున్న ఆరు కాకుండానే సూరీడమ్మ కబురంపింది. పిండి రుబ్బి ఉంది, పాత్రలు కడగడానికి నీళ్లు లేవు, మోటారు ఊరికే తిరుగుతోంది. వెళ్లాను. మూత బోల్టు పళ్లు అరిగిపోయి ఆవిడ చేతికి రావడం లేదు.

"పిన్నీ, ఉత్తర్వు వచ్చింది కదా" అన్నాను.

"ఉత్తర్వు నాకు సదివి ఇనిపించకు అసిరీ. మూత ఇప్పు. ఇడ్లీ తినీవోల్లు ఏడింటికొత్తారు."

విప్పాను. ఆవిడ చెంబు అందించింది, నేను పోశాను. గోడ మీదినుంచి ఈల వినిపించింది. మున్సిపల్ ఆఫీసులో గుమాస్తా గవరయ్య, మెడలో కొత్త ఈలతో, పక్కన మరో ఇద్దరితో నిలబడి ఉన్నాడు. దానికి చెంబు స్క్వాడ్ అని పేరట. గవరయ్య నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, ఒకే బడి. కానీ ఈల మెడలో ఉండగా ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

చెంబు జప్తు చేశారు. నా సంచీ జప్తు చేశారు. విచారణ ముగిసేదాకా మెకానిక్‌గా నా లైసెన్సు నిలిపివేశామనీ, నేరం రుజువైతే శాశ్వతంగా రద్దు చేస్తామనీ కాగితం చేతిలో పెట్టారు. లైసెన్సు పోతే పోయిందనుకోవచ్చు. ఆ సంచీ మా నాన్నది. అందులో రెండు పైపు రెంచీలు, ఆరు స్పానర్లు, బేరింగు లాగే పుల్లరు, పిడి విరిగితే నేనే గుడ్డ చుట్టుకున్న స్క్రూడ్రైవరు ఉన్నాయి. భుజాన ఆ బరువు లేకుండా ఇంటికి నడిచివస్తుంటే ఒకవైపుకు ఒరిగిపోతున్నట్టనిపించింది. ఏడుపొచ్చింది. ఇంతా చేసి చెంబుడు నీళ్లు.

సూరీడమ్మ మాత్రం ఏడవలేదు. ఉత్తర్వు కాగితం గోడ మీదినుంచి చింపి మా ఇంటికి తెచ్చి నా చేత చదివించుకుంది.

"నీల్లు పొయ్యకూడదు అన్నారు. మజ్జిగ పొయ్యకూడదనలేదు కదా?"

లేదు. ఎంత వెతికినా మజ్జిగ మాట లేదు. ఆవిడ వెళ్లి చెంబుడు మజ్జిగ తెచ్చి పోసింది. మోటారు మజ్జిగ తాగి రెండు దగ్గి నీళ్లు ఎత్తుకుంది. మొదటి బిందెలో కాస్త తెల్లగా వచ్చాయి గానీ రెండో బిందెకు సర్దుకున్నాయి. గవరయ్య గోడ మీద నిలబడి చూశాడు, ఈల నోటిదాకా వెళ్లింది, ఏమని ఊదాలో తెలియక దిగిపోయాడు.

మధ్యాహ్నానికి ఊరంతా పాకిపోయింది. నాలుగో వార్డులో మోటార్లకు కొబ్బరినీళ్లు పోశారు. కాలేజీ రోడ్డు హాస్టల్లో చారు పోశారు. ఒక డాక్టరు గారి ఇంట్లో సెలైన్ ఎక్కించారు. మా ఊరి చివర పాకల వీధిలో కల్లు పోశారు. ఆ వీధి మోటారు తోడిన మొదటి మూడు బిందెల కోసం తెల్లారకముందే మగవాళ్లు బకెట్లు పట్టుకుని బారులు తీరారు. పదిహేనేళ్లుగా పెళ్లాం చెప్పినా ఇంట్లోకి బిందెడు నీళ్లు పట్టనివాళ్లు పోటీలుపడి పట్టారు. ఆ వారం ఆ వీధిలో స్నానాలు బాగా జరిగాయి.

పరాంకుశం గారు రెండో ఉత్తర్వు వేశారు. "జలమే గాక, పాలు, పెరుగు, మజ్జిగ, చారు, కల్లు మున్నగు సమస్త ద్రవపదార్థములును" అని ఇరవై నాలుగు పేర్లు రాశారు. మర్నాడు జనం ఐసు ముక్కలు వేశారు. ఐసు ద్రవం కాదు. మూడో ఉత్తర్వులో "కరుగు స్వభావము గల ఘనపదార్థములు" అని చేర్చారు. అప్పుడు పరాంకుశం గారికి అర్థమైంది, ఇలా ఒక్కొక్క పదార్థాన్నీ తరుముకుంటూ పోతే పదవీ విరమణ వస్తుందిగానీ ఉత్తర్వు పూర్తికాదని. సమస్య మోటారులో ఉంది. మోటారునే మార్చాలి.

ఎవరో ఆయనకు చెప్పారు, సెల్ఫ్ ప్రైమింగ్ మోటార్లు అని ఉంటాయనీ, వాటికి రోజూ నీళ్లు పొయ్యనక్కర్లేదనీ. ఉన్నమాటే. అవి వేరే జాతి, వాటి కడుపు తీరే వేరు. కానీ ఆయన వాటి ఫొటో చూశారు. మామూలు మోటారు ఫొటో చూశారు. రెంటికీ ఆయనకు కనిపించిన తేడా ఒక్కటే, మొదటిదాని మీద "సెల్ఫ్ ప్రైమింగ్" అని ఒక స్టిక్కరు ఉంది.

పంతొమ్మిది వేల నాలుగు వందల స్టిక్కర్లు అచ్చయ్యాయి. మంచి నీలం రంగు. చెంబు స్క్వాడ్ ఇంటింటికీ వెళ్లి మోటారు తుడిచి, స్టిక్కరు అంటించి, నెత్తి మూతకు లక్కతో సీలు వేసింది. మా వార్డు వాళ్లని టౌన్‌హాలుకు పిలిచి అవగాహన సదస్సు కూడా పెట్టారు.

"ఇంతకాలం మీరు మోటార్లను గారాబం చేసి చెడగొట్టారు" అని పరాంకుశం గారు ఎంతో బాధగా చెప్పారు. "ఇతరులు పోస్తేనే గానీ పని చేయలేననుట పరాధీన మనస్తత్వం. నేటి నుండి మన మోటార్లు స్వయంప్రేరితములు. వాటిపై విశ్వాసముంచండి. స్విచ్చి వేసి వేచి ఉండండి."

"ఎంతసేపు ఉండమంతారు బావూ?" అని వెనకనుంచి సూరీడమ్మ అడిగింది.

"విశ్వాసమునకు కాలపరిమితి లేదమ్మా."

జనం విశ్వాసముంచారు. స్విచ్చి వేసి వేచి ఉన్నారు. నీళ్లు లేకుండా తిరిగితే మోటారు లోపల నీళ్లు కారకుండా ఆపే రబ్బరు సీలు వేడెక్కి కాలిపోతుంది. ఇంకా తిప్పితే రాగితీగల వైండింగు కూడా పోతుంది. వారం తిరిగేసరికి ఊరంతా కాలిన రబ్బరు వాసన. మా ఇంటి ముందు రోజూ పాతికమంది. నేను ముట్టుకోకూడదు, సంచీ లేదు, లైసెన్సు లేదు. అరుగు మీద కూర్చుని నోటితోనే వైద్యం చెప్పేవాణ్ణి. వాళ్లు వెళ్లి ఏదో విప్పేవాళ్లు, మళ్లీ బిగించడం రాక మిగిలిన బోల్టులు గుప్పిట్లో పట్టుకుని తిరిగొచ్చేవాళ్లు. ఒకాయన ఫ్యాను పట్టుకొచ్చి మోటారేమో చూడమన్నాడు.

ఇక చేసేదిలేక అందరూ చేద, తాడు కొనుక్కున్నారు. బావులున్నవాళ్లు బావిలోంచి, సంపులున్నవాళ్లు సంపులోంచి తోడుకున్నారు. చేత్తో తోడుకునే మనిషి ఎంత తోడుకుంటాడు? రెండు బిందెలు తోడితే అరచేతులు మండుతాయి. జనం స్నానాలు తగ్గించారు, బట్టలు ఉతకడం తగ్గించారు, చుట్టాలను రావద్దని రాశారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఈ తోడే చేతులన్నీ ఆడవాళ్లవే. ఉత్తర్వులు రాసిన చేతుల్లో ఒక్కదానికి కూడా బొబ్బ రాలేదు.

ఆఫీసులో మాత్రం పండగ. ఊరి నీటి వాడకం పన్నెండు వారాల్లో నూటికి ఎనభై ఒక్క వంతులు పడిపోయింది. దేశంలో ఏ ఊరూ ఇంత పొదుపు చెయ్యలేదని నివేదిక వెళ్లింది. ఉత్తమ జల సంరక్షణ పట్టణంగా చింతలగెడ్డను ఎంపిక చేశామని జవాబొచ్చింది. అవార్డు ఇవ్వడానికి కమిటీ అధ్యక్షురాలు కనకవల్లి గారు స్వయంగా వస్తున్నారు. ఆవిడ నీటి సరఫరాలో పెద్ద ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి.

నా విచారణ కూడా ఆ రోజే పెట్టారు. సిబ్బందిని రెండుసార్లు సమావేశపరచడం సమయం దుబారా అట. ఆహ్వానపత్రంలో వరసగా ఉంది: ప్రార్థన, అవార్డు స్వీకారం, విందు, మెకానిక్ అసిరినాయుడి లైసెన్సు రద్దు, వందన సమర్పణ. విచారణ అని కూడా వెయ్యలేదు, రద్దు అనే వేశారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

అవార్డు ఏమిటంటే ఒక ఇత్తడి కలశం. మెడకు ఎర్ర రిబ్బను, లోపల నిండా నీళ్లు. నీటికి ప్రతీక అని కనకవల్లి గారు చెప్పి పరాంకుశం గారి చేతిలో పెట్టారు. ఆయన కళ్లు చెమర్చాయి. చప్పట్లు ఎంతసేపు కొట్టారంటే నేను కూడా మర్చిపోయి కొట్టాను.

విందు మున్సిపల్ ఆఫీసు కింద వరండాలో. అరటాకుల్లో పప్పు, పనసపొట్టు కూర, ఉల్లిపాయ పులుసు, నెయ్యి. నూట ఇరవైమంది తృప్తిగా తిని లేచి కుళాయిల దగ్గరికి వెళ్లారు. కుళాయి తిప్పారు. గాలి వచ్చింది.

ఆ పొద్దున్న ట్యాంకరు తెచ్చి నింపిన పై తొట్టి వంటవాళ్లకే సరిపోయిందట. సంపులో నీళ్లున్నాయి, కానీ సంపు మూతకు మూడు తాళాలు. పొదుపు కోసం వేసినవి. మూడో తాళంచెవి సెలవులో ఉన్న ఇంజనీరు దగ్గర ఉంది. తాగడానికి పెట్టిన నీళ్లు ఆదర్శంగా ఉండాలని తలా అరగ్లాసే ఇచ్చారు, అవీ అయిపోయాయి. సంపు పక్కన ఆఫీసు మోటారు నీలం స్టిక్కరుతో మెరిసిపోతోంది. స్విచ్చి వేశారు. తిరిగింది. అందరూ వేచి ఉన్నారు.

నూట ఇరవైమంది కుడిచేతులు పైకెత్తుకుని నిలబడిపోయారు. పప్పు ఎండిపోయింది, పులుసు మోచేతి దాకా కారి ఎండిపోయింది. ఒకరికొకరు నమస్కారం పెట్టుకోవడానికి లేదు. ఫొటోగ్రాఫరు కెమెరా ముట్టుకోలేక కళ్లు ఆర్పుతూ ఉన్నాడు. కనకవల్లి గారు చెయ్యి పైకెత్తి పట్టుకునే మోటారు దాకా నడిచారు. కాసేపు దాని చప్పుడు విన్నారు.

"దీనికి నీళ్లు పోశారా?" అన్నారు.

"అమ్మా, ఇది స్వయంప్రేరితము" అన్నారు పరాంకుశం గారు, ఎడమచేత్తో స్టిక్కరు చూపిస్తూ.

ఆవిడ వంగి స్టిక్కరు చదివారు. మోటారు చూశారు. మళ్లీ స్టిక్కరు చదివారు. "ఇక్కడ మెకానిక్ ఎవరైనా ఉన్నారా?"

అందరూ నావైపు చూశారు. "నేనున్నానండి. కానీ నేను ముద్దాయినండి" అన్నాను.

"ఏం చేశావు?"

"మోటారుకు చెంబుడు నీళ్లు పోశానండి."

"తర్వాత?"

"అంతేనండి."

ఆవిడ ముఖం ఎర్రబడింది. కోపమనుకున్నాను. ఆవిడ నవ్వు ఆపుకుంటున్నారని తర్వాత అర్థమైంది. "నీళ్లు పోసి దీన్ని వెయ్యి బాబూ" అన్నారు.

"ఊళ్లో ఎక్కడైనా నేరమేనండి. పైగా నీళ్లెక్కడివి?"

అప్పుడు అందరి చూపూ ఒక్కసారే వరండాలో బల్ల మీద తెచ్చిపెట్టిన కలశం వైపు తిరిగింది. పరాంకుశం గారు పరుగున వెళ్లి దాని ముందు నిలబడ్డారు. "వీల్లేదు! ఉత్తర్వు ఎవరికైనా ఉత్తర్వే. మోటారునందు నీటిని పోయరాదు!"

గవరయ్య గొంతు సవరించుకున్నాడు. ఆ రోజు ఆయన మెడలో ఈల లేదు. "సార్, తమరు అనుమతిస్తే ఒక మాట. అది నీరు కాదండి."

"మరేమిటి?"

"స్టాక్ రిజిస్టర్లో 'అవార్డు, ఒకటి' అని నేనే ఎక్కించానండి. ఉత్తర్వులో నీరుంది, ద్రవములున్నాయి, కరిగే ఘనములున్నాయి. అవార్డు లేదండి."

పరాంకుశం గారు మూడు ఉత్తర్వులూ తెప్పించి చదివారు. చెయ్యి ఎండిపోతున్నా వరసగా చదివారు, నిజాయితీపరుడని ముందే చెప్పాను. అవార్డు లేదు. ఆయన పక్కకు తప్పుకున్నారు.

నా సంచీ జప్తు గదిలోంచి తెచ్చారు. లక్క సీలు పగలగొట్టి, మూత విప్పి, అవార్డు మోటారులో పోశాను. సంపు లోతు నాలుగడుగులే, కలశం సరిపోయింది. మోటారు రెండు దగ్గి ఎత్తుకుంది. నూట ఇరవైమంది చేతులు కడుక్కున్నారు. అంత సంతోషంగా చేతులు కడుక్కున్న అధికారులను నేను మళ్లీ చూడలేదు.

చెయ్యి తుడుచుకుని కనకవల్లి గారు, "ఇక ఆ ఉత్తర్వు రద్దు చేసెయ్యండి పరాంకుశం గారూ" అన్నారు.

"ఎలాగమ్మా? అవార్డు వచ్చినదే ఆ ఉత్తర్వు వలన. ఉత్తర్వు రద్దు చేసినచో అవార్డు తిరిగి ఇవ్వవలెను. అవార్డు మోటారులో పోశాము. తిరిగి ఇచ్చుటకు లేదు. కావున రద్దు చేయుటకు లేదు."

ఆవిడ కారెక్కి వెళ్లిపోయారు.

నాలుగో ఉత్తర్వు రెండు రోజులకు వచ్చింది. నీళ్లు పోయడం నేరమే. కానీ ప్రతి గృహిణికీ ప్రతి ఉదయం పురపాలక సంఘం తరఫున జల సంరక్షణ అవార్డు ఒక చెంబుడు ప్రదానం చేయబడును. అవార్డు ఆమె ఇంటి నీటితోనే నింపబడును. శాలువా కప్పి, నిమిషం ప్రసంగించి, చప్పట్లు కొట్టవలెను. స్వీకరించిన అవార్డును గ్రహీత తనకు తోచిన పాత్రలో, మోటారులో సైతం, వేసుకొనవచ్చును.

నా సంగతి చివరి పేరాలో ఉంది. నేరం జరిగిన చోటనే, అదే మోటారుకు, కొత్త పద్ధతిలో మొదటి ప్రదానం నా చేత జరిపించవలెను. ఒక్క అవార్డుతో మోటారు నీళ్లు ఎత్తుకుంటే లైసెన్సు తిరిగి ఇవ్వబడును. ఎత్తుకొననిచో శాశ్వతంగా రద్దు, సంచీ వేలం.

చదివి చతికిలబడ్డాను. సూరీడమ్మ బావి ఇరవై అడుగులు. రోజూ వాడే మోటారు అయితే పైపులో ముప్పాతిక దాకా నీళ్లు ఉంటాయి, చెంబు సరిపోతుంది. స్టిక్కరు పడ్డాక దానికి చుక్క తగల్లేదు, పైపు మొత్తం ఖాళీ, వాల్వు కారుతోంది. అది నిండాలంటే నాలుగు చెంబులు పోవాలి. ఒక్క చెంబుకు లేవదు. ఈ సంగతి నాకు తెలుసు, మోటారుకు తెలుసు, ఉత్తర్వుకు తెలియదు.

మర్నాడు ఆరుంబావుకు సూరీడమ్మ పెరట్లో గవరయ్య శాలువాతో, మరో ఇద్దరు చప్పట్లకు సిద్ధంగా నిలబడ్డారు. విందు రోజు పని కాగానే మళ్లీ జప్తు చేసిన నా సంచీ గంటసేపటి కోసం నాకిచ్చారు. కాలిన సీలు మార్చాను. మా నాన్న సంచీని ఎవరు వేలంలో పాడతారో, వాళ్లకు ఆ పిడి లేని స్క్రూడ్రైవరు ఎలా పట్టుకోవాలో తెలుస్తుందా అనే ఆలోచన తప్ప ఇంకేమీ రావడం లేదు.

"మోటారు ఎత్తుకోదు పిన్నీ" అన్నాను మెల్లిగా. "నాలుగు చెంబులు కావాలి."

ఆవిడ నావైపు చూసింది. అప్పటికే చేదతో తోడి పక్కన పెట్టుకున్న బకెట్టు చూసింది.

గవరయ్య శాలువా విప్పి ప్రసంగం మొదలుపెట్టాడు. "జలమే జీవనమని విశ్వసించు ఈ మహాతల్లి..."

"పక్కకి తప్పుకో గవరయ్యా, ఇడ్లీ ఏలయిపోతంది" అని ఆవిడ బకెట్టులో చెంబు ముంచి మోటారులో పోసేసింది.

"ఒకటి" అన్నాడు గవరయ్య, కాగితం మీద గీత గీస్తూ.

ఆవిడ మళ్లీ ముంచి పోసింది. గవరయ్య మోటారు వైపు చూశాడు, నావైపు చూశాడు.

"ఒకటి" అన్నాడు. కాగితం మీద గీత గియ్యలేదు.

ఆవిడ మూడోది పోసింది. "ఒకటి" అన్నాడు గవరయ్య. చప్పట్లవాళ్లలో ఒకడు నోరు తెరిచాడు. గవరయ్య వాడివైపు తిరిగి, "నీకేటైనా ఎక్కువ ఇనబడిందేటిరా?" అని అడిగాడు. వాడు నోరు మూశాడు. నాలుగోది పొయ్యగానే మూతి దాకా నీళ్లు నిలిచాయి.

"ఒకటి" అన్నాడు గవరయ్య, చాలా గట్టిగా.

మూత బిగించి స్విచ్చి వేశాను. దగ్గింది. మళ్లీ దగ్గింది. మూడోసారి దగ్గడం ఆపి, పైన తొట్టిలో ధడధడమని నీళ్లు పడ్డాయి. చప్పట్లవాళ్లు ఉత్తర్వు మాట మర్చిపోయి నిజంగానే కొట్టారు. గోడ అవతలినుంచి చుట్టుపక్కల వాళ్లు కొట్టారు. సూరీడమ్మ చేతులు ఖాళీ లేక కొట్టలేదు, బిందె పట్టుకుంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు.

గవరయ్య కాగితం మీద "ఒక్క అవార్డుతో నీరెక్కినది" అని రాసి సంతకం చేసి, లైసెన్సు నా చేతిలో పెట్టాడు. సంచీ తానే ఎత్తి నా భుజాన తగిలించాడు. వెళ్లబోయి ఆగాడు.

"అసిరీ, మా యింటి మోటారుకి ఎప్పుడొత్తావు? మూడు నెల్లనుంచి మా యావిడ సేదతో తోడతంది. సేతుల్నిండా బొబ్బలు. ముద్ద కలుపుకోడానికి అవ్వడం లేదు, రేత్రి నానే కలిపి పెట్టేను."

"మీ బావి ఎన్ని అడుగులు?" అన్నాను.

"ముప్పై."

"అయితే ఆరు చెంబులు పడతాయి."

"ఒకటి" అన్నాడు గవరయ్య.

పదండి, ఇప్పుడే పోదాం అన్నాను.